నీళ్ళు పోయాల్సిన బెంచీ

మన దగ్గర పార్కుకి బెంచీ కొనేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "మెయింటెనెన్స్ ఏమన్నా ఉంటుందా?" ఉండదంటే ఆర్డర్ పడిపోతుంది. అందుకే ఎక్కడ చూసినా గ్రానైట్ పలకలు, స్టీలు కుర్చీలు, లేదంటే చెట్టు మొద్దులాగా పోతపోసి, గోధుమరంగు కొట్టి, కోసిన చోట వలయాలు కూడా గీసిన సిమెంటు దుంగలు. (పక్కనే నిజం చెట్టు ఉంటుంది. దాని మొదలు చుట్టూ టైల్స్ వేసి బిగించేసి ఉంటారు, అది వేరే సంగతి.) వీపు ఆనించే చోట ఎవరో ఒకరి జ్ఞాపకార్థం అని పేరు చెక్కి ఉంటుంది. ఒకసారి బిగించాక ఆ బెంచీకి ఎవరి అవసరమూ లేదు, అది విరిగేదాకా ఎవరికీ దాని మీద ఏ బాధ్యతా లేదు.

నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా ఎదురు. ప్రతి పార్కులో కనీసం ఒక్క ఆసనమైనా మెయింటెనెన్స్ అడిగేది ఉండాలి. మనుషులు పట్టించుకోకపోతే పాడైపోయేది ఉండాలి, వాడేవాళ్ళే దాన్ని కట్టాలి, వాళ్ళే నీళ్ళు పోయాలి. ఇదేదో తమాషాకి అనట్లేదు. హైదరాబాద్‌లో మా కాలనీ పార్కులో స్నేహితులం కొందరం కలిసి ఒక గడ్డి సోఫా కట్టాం. లోపలంతా మట్టి, పైనంతా బతికున్న గరిక. ముగ్గురు కూర్చోవచ్చు, వెనక్కి ఆనుకోవచ్చు, చేతులు పెట్టుకోవడానికి రెండు వైపులా దిమ్మలు ఉన్నాయి. దాని మీద కూర్చుని, అది ఎండితే చూసి, మళ్ళీ పచ్చబడితే చూసి, దాని గురించి చాలామందితో గొడవపడి ఇప్పుడు రాస్తున్నాను.

ఐడియా మాది కాదులెండి. యూరప్‌లో 13వ శతాబ్దంలోనే ఆల్బెర్టస్ మాగ్నస్ అనే పండితుడు తోట ఎలా ఉండాలో రాస్తూ, గడ్డిని కొంచెం ఎత్తుగా లేపి కూర్చునే దిమ్మలాగా చెయ్యమన్నాడు; ఆ కాలపు యూరప్ చిత్రాల్లో తోటలో గడ్డి దిమ్మ మీద కూర్చున్న మనుషులు కనిపిస్తూనే ఉంటారు. మన కాలంలో ఇటలీలోని టొరీనో నగరానికి చెందిన స్టూడియో న్యూక్లియో అనే డిజైన్ బృందం 2000 ప్రాంతంలో టెర్రా అని ఒక కుర్చీ చేసింది. అట్టముక్కల చట్రం తెచ్చుకోవాలి, మట్టి నింపాలి, విత్తనాలు చల్లాలి, అట్ట మట్టిలో కలిసిపోయేలోపు వేర్లు పట్టేసుకుంటాయి. మా ఫ్రెండ్ ఒకడు దాని ఫొటో గ్రూపులో పెట్టడంతోనే ఇదంతా మొదలైంది.

కానీ నిజం చెప్పాలంటే పొలం ఉన్న ఇంట్లో పుట్టిన ఎవరికీ ఇది కొత్త కాదు. వరి మడి గట్టు మీద గరిక పట్టి ఉంటుంది, మధ్యాహ్నం సద్ది విప్పేది అక్కడే కూర్చుని. ఆ గరిక లేకపోతే గట్టు నిలవదు, గట్టు నిలవకపోతే మడిలో నీళ్ళు నిలవవు. చెరువు కట్టలదీ అదే కథ. మట్టిని ఎత్తుగా పోసి, గట్టిగా కొట్టి, గడ్డి చేత పట్టించి దాని మీద కూర్చోవడం మనకి రాని విద్యేం కాదు. సిటీకొచ్చి అపార్ట్‌మెంట్ కొనుక్కున్నాక దాన్ని ఇటలీ వాళ్ళ ఫొటోలో చూసి "వావ్" అన్నాం, అంతే.

ఆ అట్టముక్కల పద్ధతి మాకు పనికిరాలేదు. ఇక్కడి నేలలో అట్ట పెడితే వేర్లు పట్టేలోపు చెదలు పడతాయి. ఆ మాట చెప్పింది మా పార్కులో మాలీ పని చేసే అక్క, పాలమూరు వైపు నుంచి వచ్చినావిడ. మేం సివిల్ ఇంజనీర్ ఫ్రెండ్ గీసిన బొమ్మ పట్టుకుని ముగ్గు పోసుకుంటుంటే దూరం నుంచి చాలాసేపు చూసి, దగ్గరికొచ్చి, "గింత నిలువుగ లేపితే వానకు జారదా సార్?" అంది. ఆవిడన్నదే కరెక్ట్. వదులు మట్టి కుప్పపోస్తే ముప్ఫై, ముప్ఫై అయిదు డిగ్రీల వాలు దగ్గర ఆగుతుంది, అంతకన్నా నిటారుగా నిలబడాలంటే తడిపి, పొరలు పొరలుగా వేసి, దిమ్మిసతో కొట్టాలి, పైన ఏదో ఒకటి పట్టి ఉంచాలి. కాబట్టి వీపు ఆనించే వైపు బాగా వెనక్కి వాలింది, సోఫా కాస్తా ఈజీచెయిర్ పోలిక తెచ్చుకుంది. కూర్చునేవాళ్ళకి అదే నచ్చింది.

బరువు సంగతి ఎవరూ ముందు ఊహించరు. క్యూబిక్ మీటరు తడిమట్టి సుమారు 1,800 కిలోలు ఉంటుంది. రెండు మీటర్ల పొడవు, మోకాలి ఎత్తు, దానికి వీపు, చేతులు కలిపితే రెండు టన్నులకు పైమాటే. పార, తట్టలతో రెండు టన్నుల మట్టి మోస్తే ఆఫీసులో ఏసీ కింద పనిచేసే నడుములు ఏమవుతాయో చెప్పక్కర్లేదు. లోపల గుండెకాయంతా మట్టే ఉండాలని రూలేం లేదు కాబట్టి నడిమధ్యలో ఇటుక ముక్కలు, మొరం వేసి కొట్టాం. వేర్లకి కావాల్సింది పైన జానెడు మంచి మట్టి, అంతే: ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక. నల్లరేగడి మాత్రం వాడకూడదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత పగులు ఇస్తుంది, దాంతో వీపు ఒకవైపు, కూర్చునే చోటు ఒకవైపు పోతాయి. ఇంకా ఎంత గట్టిగా కొట్టినా ఒకట్రెండు వానలకి మట్టి కుంగుతుంది, కాబట్టి కావాల్సిన దానికన్నా బెత్తెడు ఎత్తు ఎక్కువ కట్టుకోవాలి. చివరికి 45 సెంటీమీటర్ల దగ్గర ఆగితే పెద్దవాళ్ళు కూడా మోకాళ్ళు పట్టుకోకుండా లేవగలరు.

గడ్డి విషయంలో పెద్ద వాదనే జరిగింది. నర్సరీలో మెక్సికన్, కొరియన్ లాన్ చాపల్లాగా చుట్టి అమ్ముతారు, తెచ్చి పరిచేస్తే సాయంత్రానికి ఫొటో రెడీ. మాలో సగం మంది అటే. అక్క మాత్రం "కొనుడెందుకు, గరిక గా మూలకు మస్తుంది" అని, అది పట్టించే పద్ధతి కూడా చూపించింది. గరిక తీగలు వేళ్ళతో సహా పీకి, కణుపులు ఉండేటట్టు వేలెడంత ముక్కలు కోసి, పచ్చి పేడ, మెత్తటి మట్టి, నీళ్ళలో కలిపి, ఆ ముద్దని సోఫా మొత్తం అలికేయడం! ఇంటి ముందు అరుగు అలికినట్టే అలికాం, తేడా ఏంటంటే ఈ అరుగు మొలకెత్తుతుంది. తర్వాత తెలిసింది, హార్టికల్చర్ పాఠాల్లో కూడా ఈ పద్ధతి ఉంది. నిలువుగా ఉన్న చోట్ల ముద్ద జారిపోకుండా పైన గోనెపట్టాలు కప్పి వెదురు పుల్లలు దిగ్గొట్టాం. గరిక గోనె కన్నాల్లోంచి పైకి వచ్చింది, గోనె లోపలే కుళ్ళి ఎరువైంది. ఆరుద్ర కార్తెలో పెట్టాం కాబట్టి మొదటి నెలల నీళ్ళు చాలావరకు ఆకాశమే పోసింది.

చోటు ఎంచుకోవడం ఇంకో తలనొప్పి, ఎందుకంటే గరికకి ఎండ కావాలి, మనిషికి నీడ కావాలి. చెట్టు కింద కడితే గడ్డి పలచబడి చచ్చిపోతుంది. నడినెత్తిన ఎండ పడే చోట కడితే మార్చి దాటాక మనిషన్నవాడు కూర్చోడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండ నిండుగా పడి, మూడు దాటాక పడమటి వైపు వేపచెట్టు నీడ వాలే ఒక మూల దొరికింది, ఓపెన్ జిమ్ వెనకాల, ఎవరూ వెళ్ళని వైపు. అక్కడ అప్పటిదాకా ఉన్నవి విరిగిన పూలకుండీలు, ఒక సిమెంటు జింక.

అనుమతి గురించి రెండు ముక్కలు. కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ వాళ్ళు "మూలకే కదా, కానివ్వండి" అన్నారు. పై ఆఫీసులో మాత్రం ఒక పెద్దమనిషి కాగితం చూసి, "దీని లైఫ్ ఎంత?" అని అడిగారు. ప్రతి సంవత్సరం సరిచేసుకుంటూ ఉంటే ఎన్నాళ్ళైనా ఉంటుంది, వదిలేస్తే రెండు వానాకాలాలు అన్నాం. ఆయన ఫారంలో అలాంటి జవాబు రాసే గడి లేదు. అక్కడే నాకు అసలు సంగతి వెలిగింది. మన పార్కులు నడిచేది ఆ ఫారం మీద. కొనడానికి ఒక పద్దు ఉంటుంది, చూసుకోవడానికి ఉండదు. సిమెంటు జింక కొనడానికి బిల్లు పెట్టొచ్చు, అదే డబ్బుతో ఒక మనిషి ఏడాదంతా పొద్దున్నే గడ్డి తడపడానికి పెట్టలేం. కాబట్టి మన పార్కు నిండా కొన్న వస్తువులు ఉంటాయి, పెంచినవి తగ్గిపోతుంటాయి. గడ్డి కూడా పెంచడం మానేసి కొనే వస్తువు చేసేశాం: సెల్ఫీ పాయింట్ వెనక పచ్చ ప్లాస్టిక్ గడ్డి గోడ. ఎండలో అది నిజం గడ్డికన్నా ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది, ఎందుకంటే నిజం గడ్డి నీటిని ఆవిరి చేసి తనని తాను చల్లబరుచుకుంటుంది, ప్లాస్టిక్ ఆ పని చేయలేదు. గ్రానైట్ పలకదీ అదే గతి, మే నెల సాయంత్రం ఆరింటికి కూర్చుని చూడండి.

ఇంకోటి, మన పార్కుల్లో నడవడానికి ఉన్నంత గౌరవం కూర్చోవడానికి లేదు. ట్రాక్ ఉంటుంది, జిమ్ ఉంటుంది, "గడ్డిపై నడవరాదు" అని బోర్డు ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషిని వాచ్‌మన్ రెండుసార్లు తేరిపార చూస్తాడు, కుర్రాళ్ళైతే నాలుగుసార్లు, అబ్బాయి అమ్మాయి అయితే చెప్పనే అక్కర్లేదు. 2021 ఆగస్టులో ఇందిరా పార్కు దగ్గర పెళ్ళికాని జంటలకి ప్రవేశం లేదని ఏకంగా బ్యానరే కట్టారు, జనం మండిపడ్డాక తీసేశారు. కూర్చోవడమే అనుమానాస్పదం అయిన చోట, రండి కూర్చోండి అని పిలిచే వస్తువు కట్టడం ఒక వాదన కిందే లెక్క. మా సోఫా మీద మొదటి నెలల్లో పెద్దవాళ్ళు కూర్చోలేదు, ఆ గడ్డి బోర్డు అంతగా ఒంటికి ఎక్కిపోయింది. చిన్నపిల్లలు మాత్రం గోనె పట్టాలు కుళ్ళకముందే ఎక్కేశారు, ఒక చేతి దిమ్మ వాళ్ళ వల్లే కుంగింది, దాన్ని మళ్ళీ కట్టడానికి మట్టి మోసింది కూడా వాళ్ళే.

వినాయక చవితికి మంచి గొడవ జరిగింది. ఇరవయ్యొక్క పత్రిలో గరిక ఉండాలి కదా, కాలనీ వాళ్ళు పొద్దున్నే వచ్చి సోఫా మీద గరిక తెంపుకుంటున్నారు. జనం కూర్చున్న గడ్డి దేవుడికి పెట్టొచ్చా అని ఒకావిడ, గొడ్లు తొక్కిన గట్టు మీది గరిక పెట్టట్లేదా అని ఇంకొకావిడ. తేలలేదు. చివరికి వీపు వైపుది తెంపుకోవచ్చని, కూర్చునే చోటుది వద్దని రాజీ పడ్డారు, వీపు ఆనించడం కూర్చోవడం కిందకి రాదని ఎవరు తేల్చారో నాకు తెలీదు.

ఇక ఎండాకాలం. ఇక్కడే నా వాదనకి అసలు పరీక్ష, ఇక్కడే చాలామంది నవ్వారు కూడా. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, గడ్డి సోఫా ఎంత! చేతుల అంచులు ముందు ఎండాయి, ఎందుకంటే అంచుకి మూడు వైపులా గాలి తగులుతుంది, పోసిన నీళ్ళు కిందకి జారిపోతాయి. తర్వాత పడమటి వైపు. ఏప్రిల్ ఆఖరుకి మొత్తం గడ్డివాము రంగు. "అయిపోయింది మీ సోఫా" అని వాకింగ్‌కొచ్చే ప్రతివాళ్ళూ సానుభూతి చెప్పారు.

అది చచ్చిపోలేదు, పడుకుంది. గరిక నీళ్ళు లేకపోతే పైన ఆకుని వదిలేసి, నేల లోపల తీగల్లో ప్రాణం దాచుకుంటుంది. జూన్‌లో నాలుగు మంచి వానలు పడగానే మళ్ళీ పచ్చబడింది. దీనికి పెద్ద పరిశోధనలేం అక్కర్లేదు, గరికని పొలంలోంచి పీకలేక తల పట్టుకున్న ఏ రైతునైనా అడగండి. గడ్డి ఎప్పుడూ పచ్చగానే ఉండాలన్నది ఎప్పుడూ సన్నటి చినుకు పడే ఊళ్ళ నుంచి మనం తెచ్చుకున్న రోగం. ఏడాదికి పడే 800 చిల్లర మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే కురిసే ఊళ్ళో, మే నెలలో గడ్డి గోధుమరంగులో ఉండటమే మర్యాద. ఎండిన గడ్డి మీద కూడా హాయిగా కూర్చోవచ్చు. పైగా ప్యాంటుకి తడి అంటదు.

పూర్తిగా నీళ్ళు ఆపేశామా అంటే, లేదు. ఎండల్లో గడ్డి బాగా పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకి రోజుకి దాదాపు 5 లీటర్లు కావాలి. సోఫా పై భాగమంతా కలిపి ఆరేడు చదరపు మీటర్లు, అంటే రోజుకి రెండు బకెట్లు. మేం దాన్లో సగం కూడా పోయలేదు, మట్టి పగలకుండా, వేరు చావకుండా చూసుకున్నాం అంతే. నీళ్ళు వృథా అని మమ్మల్ని తిట్టినాయన రోజూ పైపు పెట్టి కారు కడుగుతాడు, ఆయన పేరు నేను రాయను, ఆయన ఇది చదువుతాడు.

నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం ఇంకొకటుంది: ఇది ఐటీ వాళ్ళ వీకెండ్ సరదా, చాకిరీ మాత్రం చివరికి మాలీ మీద పడుతుంది. ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. 2005లో శాన్ ఫ్రాన్సిస్కోలో రీబార్ అనే బృందం ఒక కారు పార్కింగ్ చోటుకి మీటర్‌లో డబ్బులేసి, అందులో గడ్డి పరిచి, బెంచీ, చెట్టు పెట్టి రెండు గంటలు పార్కు చేసింది. తర్వాత ఏటా ఎన్నో దేశాల్లో జనం అది చేస్తున్నారు. అద్భుతమైన ఆలోచన. కానీ సాయంత్రానికి చుట్టి తీసుకుపోయే గడ్డి అది. తీసుకుపోని గడ్డికి మర్నాడు పొద్దున ఎవరు నీళ్ళు పోస్తారన్న ప్రశ్న ఉంటుంది. మా దగ్గర వాట్సాప్ గ్రూపులో వేసిన డ్యూటీ చార్ట్ పనిచేయలేదు, అందరూ లైక్ కొట్టారు గానీ బకెట్ పట్టలేదు. నీళ్ళు పోసింది పొద్దున్నే దాని మీద కూర్చుని పేపర్ చదివే రిటైర్డ్ మాస్టారు, ఆయన వాకింగ్ బ్యాచ్, సాయంత్రం ట్యూషన్‌కి ముందు వచ్చే పిల్లలు. అంటే కూర్చున్నవాళ్ళు పోశారు, ఐడియా ఇచ్చినవాళ్ళు కాదు. అక్కకి మేం ముందే మాట ఇచ్చాం, దీన్ని ఆవిడ పని కింద లెక్కేయం అని. ఆవిడ కాంట్రాక్టులో లేని పని ఆవిడ చేత చేయిస్తే మనం మాట్లాడే పబ్లిక్ అంతా ఉత్త మాటే. గడ్డి కత్తిరించడం మాత్రం ఆవిడే చేస్తానంది, కొడవలితో, ఎందుకంటే మా కత్తెర పని చూడలేకపోయింది. దానికి మేం వేరే డబ్బులిస్తాం.

కుక్క ఒంటేలు పోసిన చోట గడ్డి మాడుతుంది, వెంటనే నీళ్ళు కొడితే తగ్గుతుంది. చీమలు పడతాయి. వాన వెలిశాక రెండు గంటలు కూర్చోలేం. ఒకే చోట అందరూ కూర్చుంటే మట్టి గట్టిపడి గరిక పలచబడుతుంది, అప్పుడు ఆ చోటుని పుల్లతో పొడిచి, చారెడు ఎరువు చల్లి, నాలుగైదు రోజులు వదిలేయాలి. ఇవన్నీ ఉన్నాయి, దాచేదేం లేదు.

అసలు పార్కులో ఏదన్నా కట్టడానికి మీరెవరు అని అడిగినవాళ్ళకి చండీగఢ్ రాక్ గార్డెన్ గుర్తుచేస్తాను. నేక్‌చంద్ రోడ్ల శాఖలో చిన్న ఉద్యోగి, 1957లో మొదలుపెట్టి, సర్కారు అడవి జాగాలో, పారేసిన గాజులు, పింగాణీ ముక్కలు, కూల్చిన ఇళ్ళ తుక్కుతో ఏళ్ళ తరబడి గుట్టుగా ఒక లోకం కట్టాడు. అధికారులకి తెలిసినప్పుడు అది పూర్తిగా అక్రమం. కూల్చేస్తారనుకుంటే జనం ఆయన పక్షాన నిలబడ్డారు, 1976లో అదే ప్రభుత్వం దాన్ని తెరిచి ఆయనకి జీతం, పనివాళ్ళని ఇచ్చింది. మేం అలా దొంగచాటుగా చెయ్యమని చెప్పట్లేదు, అడిగే చేశాం. కానీ పార్కు మీద చుట్టుపక్కల వాళ్ళకి ఉన్న హక్కు ఊరికే వచ్చి చూసి పోయే హక్కు మాత్రమే అనుకోవడం తప్పు. బెంగళూరులో పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకి ఇచ్చేస్తే, అక్కడి నివాసులు వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదంది, వాళ్ళకి కోర్టుకెక్కే హక్కు ఉందని కూడా చెప్పింది. పార్కు పోకుండా కేసు వేసే హక్కు ఉన్నవాళ్ళకి అందులో ఒక దిమ్మ కట్టి నీళ్ళు పోసుకునే దారి కూడా ఉండాలి కదా? వార్డు ఆఫీసులో ఒక చిన్న ఫారం, ఏడాదికోసారి రెన్యూవల్, చూసుకోకపోతే మట్టి చదును చేసి వెళ్ళాలన్న షరతు. ఇంతకన్నా ఏం అక్కర్లేదు. సిమెంటుని తొలగించడానికి మెషిన్ కావాలి, దీనికి రెండు పారలు చాలు.

ప్రస్తుతం నడుస్తున్న గొడవ వేరే. సోఫా ఫొటోలు తిరగడం మొదలయ్యాక అసోసియేషన్‌లో కొందరికి ముద్దొచ్చి, చుట్టూ స్టీలు కంచె కట్టి, "తాకరాదు" అని బోర్డు పెట్టి, లైట్లు వేద్దామంటున్నారు. స్పాన్సర్ కూడా దొరికాడట, పేరు చెక్కిన పలక తయారు. వచ్చే మీటింగులో ఓటింగ్. మేం ఒప్పుకోలేదు, ఒక సవరణ మాత్రం రాసిచ్చాం: కంచె కావాలని చెయ్యెత్తిన ప్రతివాళ్ళూ వచ్చే ఎండాకాలం వారానికి రెండు రోజులు నీళ్ళు పోయాలి, పేరు, ఫ్లాట్ నంబరు, సంతకంతో. ఇప్పటిదాకా సంతకం ఒక్కటే వచ్చింది, అది రిటైర్డ్ మాస్టారిది. ఆయన కంచెకి వ్యతిరేకం, కాగితం సరిగ్గా చదవకుండా సంతకం పెట్టారు.